పుట్టలో సేద్యం

పుట్టగొడుగు అన్న మాటను మనం తరచూ వాడతాం. దాన్ని విడదీసి చూసేవాళ్ళు మాత్రం తక్కువ. పుట్ట మీద లేచే గొడుగు కాబట్టి అది పుట్టగొడుగు. పెంటకుప్పల మీదా, కుళ్ళిన మొద్దుల మీదా మొలిచి ఎవరికీ పనికిరాకుండా పోయేదానికి తెలుగులో వేరే పేరుంది. అది కుక్కగొడుగు. మా హోసూరు ప్రాంతంలో మూడు భాషలూ ఒకే సంతలో వినబడతాయి కాబట్టి పేర్లను పక్కపక్కన పెట్టి చూడడం నాకు అలవాటైపోయింది. మన కుక్కగొడుగును తమిళులు నాయ్‌కుడై అంటారు, కన్నడిగులు నాయికొడె అంటారు. మూడింటికీ అర్థం ఒక్కటే. మన పుట్ట వాళ్ళకు పుట్రు, వీళ్ళకు హుత్త. అదీ ఒకే మాట. అయితే తినే గొడుగు దగ్గరికి వచ్చేసరికి దారులు వేరయ్యాయి. తమిళంలో అది కాళాన్, కన్నడంలో అణబె. మామూలుగా వాడే మాటలోనే పుట్టను ఇమిడ్చిపెట్టుకున్నది తెలుగు.

ఈ పేరు పెట్టినవారు వానాకాలంలో పొలం గట్ల వెంట తిరిగిన మనుషులు. ఏ గొడుగు ఎక్కడ లేస్తుందో, ఏది కూరకు పనికివస్తుందో వాళ్ళకు తెలుసు. వాళ్ళు పేరులో దాచిపెట్టిన విషయంలో మిగతా సగాన్ని, అంటే ఆ గొడుగు పుట్ట లోపల జరిగే ఒక సేద్యం తాలూకు పంట అన్న సంగతిని, శాస్త్రం తేల్చుకోవడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ చరిత్రలో మొదటి పుట మన దక్షిణాదిలోనే, తరంగంబాడిలో మొదలైంది. కాని కీటకాల వ్యవసాయం గురించి చెప్పే పుస్తకాలు సాధారణంగా దక్షిణ అమెరికా చీమలతో కథ ఎత్తుకుంటాయి. ఆ వరసను కొంచెం సరిచేసి చెప్పాలన్నదే ఈ వ్యాసంలో నా ప్రయత్నం.

ముందుగా పుట్ట ఎవరిదో చూద్దాం. పుట్టలను చీమలు పెడతాయనీ, చివరికి అవి పాములకు నెలవవుతాయనీ సుమతీ శతకం మనకు చిన్నప్పుడే నేర్పింది. పాముల సంగతి నిజమే. కాని మన పొలాల్లో నిలువెత్తు లేచే మట్టిపుట్టలను కట్టేవి చీమలు కావు, చెదపురుగులు. ఈ పొరపాటు మన ఒక్కరిదే అనుకోనక్కరలేదు. ఇంగ్లీషువారూ జర్మనులూ కూడా వీటిని తెల్లచీమలనే పిలిచారు. నిజానికి చీమకు చుట్టం కందిరీగ. చెదపురుగుకు చుట్టం బొద్దింక.

మన దేశంలో పుట్టలు కట్టే చెదల్లో బాగా తెలిసిన జాతి ఒడంటోటెర్మిస్ ఒబెసస్. దాని పుట్టను తవ్వితే లోపల గుండ్రని అరలు కనిపిస్తాయి. ఒక్కొక్క అరలో స్పంజిలాగా తొర్రలు తొర్రలుగా ఉన్న గోధుమరంగు గడ్డ ఒకటి ఉంటుంది. అదే వాటి పొలం. వయసు ముదిరిన కూలి పురుగులు బయట నుంచి ఎండుటాకులు, గడ్డి, కట్టె కొరికి తెస్తాయి. లోపల ఉండే లేత కూలీలు దాన్ని తిని, పూర్తిగా అరగకముందే గడ్డ పైభాగాన విసర్జిస్తాయి. ఆ ఎరువు మీద తెల్లని బూజు అల్లుకుంటుంది. కట్టెలోని గట్టి పదార్థాలను మెత్తబరిచే పనిలో ఆ బూజుదే పెద్ద వాటా. కొన్నాళ్ళకు బూజు మీద గుండుసూది తలంత ముత్యాలు లేస్తాయి. లేత కూలీలు వాటిని మేస్తాయి. ముత్యాల్లోని బీజాలు వాటి కడుపులో చావవు. కొత్త ఎరువుతో పాటే మళ్ళీ గడ్డ మీదికి చేరి మొలకెత్తుతాయి. విత్తడం, ఎరువు వెయ్యడం, కొయ్యడం అన్నీ ఒక్క పురుగు కడుపు గుండా సాగిపోతాయన్నమాట. గడ్డ అడుగుభాగం బాగా మెత్తబడ్డాక ముదురు కూలీలు దాన్ని తింటాయి. పైన కొత్తది చేరుతూ ఉంటుంది, కింద పాతది తరుగుతూ ఉంటుంది.

వానలు పడ్డాక ఈ గడ్డ నుంచే ఒక కాడ బయలుదేరి మట్టిని చీల్చుకొని పైకి వస్తుంది. దాని తల మధ్యలో ములుకులాంటి మొన ఉండేది అందుకే. కాడ అడుగున పొడుగాటి వేరులాంటి తోక ఉంటుంది. దాని వెంట తవ్వుకుంటూ పోతే చివరికి బూజు గడ్డ దగ్గర తేలతాం. పైన విచ్చుకున్న గొడుగును మన పూర్వులు చూశారు, పేరు పెట్టారు. కింద ఉన్న పొలాన్ని చూసి కాగితం మీద పెట్టినవాడు ఒక పరదేశి వైద్యుడు.

1620లో డేన్ దేశపు వర్తకులకు తరంగంబాడిలో కోట కట్టుకోవడానికి అనుమతి ఇచ్చినవాడు తంజావూరు నేలిన రఘునాథ నాయకుడు. ఆయన స్వయంగా తెలుగు కవి, వాల్మీకి చరిత్రము రాసినవాడు. వల్మీకం నుంచి వెలువడిన ఋషి కథను కావ్యంగా చెప్పిన రాజు ఇచ్చిన నేల మీదే, నూటయాభై యేళ్ళ తరువాత, వల్మీకం లోపలి సంగతిని ఒకడు పరిశీలించి రాశాడు. ఇది కాకతాళీయమే అయినా తెలుగువాళ్ళం చెప్పుకోదగ్గ కాకతాళీయం.

ఆ వైద్యుడి పేరు యోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్. 1728లో ఇప్పటి లాత్వియా భూభాగంలో పుట్టాడు. మొక్కలకూ జంతువులకూ రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన లిన్నేయస్ దగ్గర చదువుకున్నాడు. 1768లో డేనిష్ మిషనుకు వైద్యుడిగా తరంగంబాడి చేరాడు. మందులకన్నా మొక్కల మీదే ఆయనకు మమకారం ఎక్కువ. తరువాత కొంతకాలం ఆర్కాటు నవాబు కొలువులో ఉన్నాడు. 1778లో మద్రాసులోని ఈస్టిండియా కంపెనీ ఆయనను ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించింది. మనం రోజూ తాలింపులో వేసే కరివేపాకు చెట్టుకు లిన్నేయస్ 1771లో పెట్టిన శాస్త్రీయ నామం బెర్గెరా కోనిగీ. ఆ రెండో మాట ఈ శిష్యుడి పేరే. తరువాతి కాలంలో మొదటి మాట మారి ముర్రయా కోనిగీ అన్నది వాడుకలోకి వచ్చినా, కోనిగ్ పేరు మాత్రం కరివేపాకును వదలలేదు.

తెల్లచీమల చరిత్ర మీద ఆయన జర్మను భాషలో రాసిన వ్యాసాన్ని 1779లో బెర్లిన్ ప్రకృతి పరిశోధకుల సంఘం తన పత్రికలో అచ్చువేసింది. చెదల గూటి లోపలి బూజు తోటల్ని వర్ణించిన మొదటి శాస్త్ర రచన ఇదే. దీనితో పాటు ఇక్కడి జనం ఉసుళ్ళను పట్టే విధానాన్ని కూడా కోనిగ్ వివరంగా రాసుకున్నాడు. ఉసుళ్ళు ఎగరకముందే పుట్టకు రెండు కన్నాలు చేస్తారు, గాలి వచ్చే వైపు ఒకటి, గాలి పోయే వైపు ఒకటి. గాలి పోయే వైపు కన్నానికి కుండ మూతిని ఆనిస్తారు. ఆ కుండ లోపల ముందుగా కరివేపాకు రాచి ఉంచుతారు. రెండో కన్నం దగ్గర కంపు కొట్టే వస్తువులతో పొగబెడతారు. పొగకు ఉసుళ్ళన్నీ వచ్చి కుండలో పడతాయి. ఒక్కోసారి వాటితో పాటు నాగుపాములు కూడా వచ్చి పడతాయట! శతకకారుడు చెప్పిన పాములు ఇక్కడా తప్పలేదు. పట్టిన ఉసుళ్ళను పిండితో కలిపి తినుబండారాలు చేసి బీదలకు చౌకగా అమ్మేవారనీ, కొన్ని ప్రాంతాల్లో రాణి పురుగును నడుము బలానికని ముసలివాళ్ళకు బతికుండగానే తినిపించేవారనీ కోనిగ్ రాశాడు.

ఈ వివరాలు చదువుతున్నప్పుడు నాకు ఒకటి తోస్తుంది. కుండకు కరివేపాకు రాయాలనీ, గాలివాటం చూసి కన్నం చెయ్యాలనీ ఎరిగిన మనుషులకు పుట్ట కడుపులో ఏముందో తెలియకుండా ఉంటుందా? కోనిగ్ పుట్టను ఒంటరిగా తవ్వి ఉండడు. పలుగు పట్టినవాళ్ళు, ఎక్కడ తవ్వాలో చూపినవాళ్ళు ఈ ఊళ్ళవాళ్ళే అయి ఉంటారు. చెట్టుకు కోనిగ్ పేరు నిలిచింది. వాళ్ళ సాక్ష్యం మాత్రం మాటల్లోనే ఉండిపోయింది.

కోనిగ్ 1785 జూన్ నెలలో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో విరేచనాల జబ్బుతో చనిపోయాడు. చివరి రోజుల్లో ఆయనకు వైద్యం చేసినవాడు విలియం రాక్స్‌బర్గ్. అప్పుడు సామర్లకోటలో కంపెనీ వైద్యుడు, తరువాత కోరమాండల్ మొక్కల మీద గొప్ప గ్రంథం ప్రకటించినవాడు. యానాం పాఠకులకు జగన్నాథపురం పొరుగూరితో సమానం. ఇప్పుడది కాకినాడ నగరంలో కలిసిపోయింది.

1781లో హెన్రీ స్మీత్‌మన్ అనే ఆంగ్లేయుడు ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ ప్రాంతపు చెదల గురించి లండన్ రాయల్ సొసైటీకి సుదీర్ఘమైన వ్యాసం సమర్పించాడు. ఉసుళ్ళ గురించి కోనిగ్ రాసినది ఇంగ్లీషు పాఠకులకు చేరింది ఆ వ్యాసం అడుగున వేసిన ఒక వివరణలోనే. స్మీత్‌మన్ కూడా గూటిలో తెల్లటి ముత్యాలు చూశాడు. మొదట గుడ్లేమో అనుకున్నాడు. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాక అవి ఒక రకం పుట్టగొడుగులని గుర్తించాడు. ఇలా ఇద్దరూ బూజును చూశారు. కాని బూజును చూడడం వేరు, అది పంట అనడం వేరు. కీటకం సేద్యం చేస్తుందన్న ఊహ స్థిరపడడానికి మరో నూరేళ్ళు పట్టింది. ఆ పని అమెరికా ఖండంలో, చీమల దగ్గర జరిగింది.

మన దేశపు చీమల్లో తిండి కోసం బూజు పెంచేవి లేవు. ఆ విద్య తెలిసిన చీమలన్నీ అమెరికా ఖండాలకు, వాటి చుట్టుపక్కల దీవులకు చెందినవే. అవి సుమారు 250 జాతులు. వాటిలో ఆకులు కత్తిరించే చీమలు బాగా పేరుపడ్డవి. ఒక్కొక్కటి ఆకు ముక్కను నెత్తిన పెట్టుకొని బారులు బారులుగా పుట్టలోకి పోతుంటాయి. ఆ ఆకులు ఎందుకు? అమెజాన్ అడవుల్లో పదకొండేళ్ళు గడిపిన హెన్రీ వాల్టర్ బేట్స్ 1863లో అచ్చయిన తన పుస్తకంలో, పుట్ట కప్పు మీద వేసుకోవడానికని రాశాడు. నికరాగువా బంగారు గనుల్లో ఇంజనీరుగా పనిచేసిన థామస్ బెల్ట్ పుట్టల్నే తవ్వి చూశాడు. ఆకులు నలిగి స్పంజిలా మారి, వాటి మీద తెల్లని బూజు పట్టి ఉంది. ఈ చీమలు ఆకులు తినవు, ఆకుల మీద పుట్టగొడుగులు పెంచుకొని వాటిని తింటాయి అని 1874లో ప్రకటించాడు. అదే కాలంలో బ్రెజిల్‌లో స్థిరపడిన జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ ముల్లర్ తనంతట తాను అదే నిర్ణయానికి వచ్చి డార్విన్‌కు ఉత్తరం రాశాడు.

బెల్ట్ మాట ఊహ కాదని రుజువు చేసినవాడు ఆల్‌ఫ్రెడ్ మోల్లర్. ఆయన బ్రెజిల్‌లో ఆ బూజును చీమల పుట్ట నుంచి వేరుచేసి పెంచి, చీమలు దాన్నే తింటాయని 1893లో పుస్తకంగా రాశాడు. ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. కొత్త పుట్ట పెట్టడానికి ఎగిరిపోయే రాణి చీమకు విత్తనం ఎక్కడిది? 1898లో హెర్మన్ ఫాన్ ఇహెరింగ్ జవాబు చెప్పాడు. రాణి నోటి వెనక చిన్న సంచి ఉంటుంది. పుట్టిల్లు విడిచేటప్పుడు అందులో బూజు ఉండ ఒకటి పెట్టుకొని బయలుదేరుతుంది. నేలలో గుంట చేసుకొని, ఆ ఉండను ఉమ్మి, దానిచుట్టూ సంసారం మొదలుపెడుతుంది.

చెదల సంగతి దీనికి భిన్నం. మన ఉసుళ్ళలో చాలా జాతులు విత్తనం వెంట తీసుకుపోవు. రాజూ రాణీ వట్టి చేతులతో ఎగిరిపోయి, రెక్కలు రాల్చుకొని, మట్టిలో దూరి సంసారం పెడతాయి. వాటికి పుట్టిన తొలి కూలీలు మేతకని బయటికి వచ్చేవేళకు, పాత పుట్టల మీద లేచిన పుట్టగొడుగుల నుంచి రాలిన బీజాలు నేల మీద సిద్ధంగా ఉండాలి. వాటిని ఎండుటాకులతో పాటు మింగి తెస్తేనే కొత్త పుట్టలో పొలం మొదలవుతుంది. అంటే మనం కూరకు కోసుకొనే గొడుగు రాబోయే పుట్టకు విత్తనం. ఈ సంగతిని మళ్ళీ తలచుకోవలసిన అవసరం చివర్లో వస్తుంది.

రెండు సేద్యాలూ విడివిడిగా పుట్టినవి. 2024లో ప్రకటించిన ఒక పెద్ద పరిశోధన చీమల సేద్యం సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట మొదలైందని లెక్కకట్టింది. అది డైనోసార్లను తుడిచిపెట్టిన ఉల్కాపాతపు కాలం. దుమ్ము కమ్మి ఎండ తగలక మొక్కలు చచ్చినప్పుడు, కుళ్ళిన ఆకులమీద బతికే బూజులకు పండుగ అయింది. వాటిని నమ్ముకున్న చీమలు బతికి బట్టకట్టాయి. చెదల సేద్యం దానికన్నా చిన్నది. సుమారు 3 కోట్ల ఏళ్ళ కిందట ఆఫ్రికా వానకారు అడవుల్లో ఒకే ఒక్కసారి మొదలై, అక్కడినుంచి ఆసియాకు వచ్చింది. టాంజానియాలో రెండున్నర కోట్ల ఏళ్ళనాటి బూజు గడ్డలు రాళ్ళుగా మారి దొరికాయి. మనిషి వ్యవసాయం వయసు సుమారు 12 వేల ఏళ్ళు మాత్రమే.

పొలం ఉన్నచోట కలుపు తప్పదు. చీమల తోటను నాశనం చేసే ఒక పరాన్న బూజు ఉందనీ, దాన్ని అణచడానికి చీమలు తమ ఒంటి మీద మందునిచ్చే బాక్టీరియాను పెంచుకుంటాయనీ 1999లో తేలింది. మన పుట్టలకు సూడోజైలేరియా అనే కలుపు బూజు శత్రువు. చెదలు కనిపెట్టుకొని ఉన్నంతకాలం అది అణగి ఉంటుంది. పుట్ట పాడుపడిందా, కొద్ది రోజుల్లో గడ్డంతా అదే పరుచుకుంటుంది. మన ఒడంటోటెర్మిస్ ఒబెసస్ ఈ కలుపును మట్టి ఉండలతో కప్పి ఊపిరాడకుండా చేస్తుందనీ, ఆ మట్టిలో బూజును అడ్డుకొనే గుణం ఉంటుందనీ మొహాలీ శాస్త్రజ్ఞులు 2025లో ప్రకటించారు. కోనిగ్ మొదలుపెట్టిన పరిశీలన ఇన్నేళ్ళకు మళ్ళీ మన దేశపు పుట్ట దగ్గరికే వచ్చిందని నేను సంతోషించాను.

ఈ మధ్యకాలపు కథ కూడా మన పరిసరాల్లోనే నడిచింది. టామ్ పెచ్ సింహళంలోని పేరాదెనియ తోటలో పనిచేస్తూ చెదల గూళ్ళలోని బూజుల మీద 1906లో పెద్ద వ్యాసం ప్రకటించాడు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రొజె హైమ్ 1942లో ఈ పుట్టగొడుగుల కుటుంబానికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. చెదల బూజు అని దాని అర్థం. అంటే మన పుట్టగొడుగు అన్న మాటనే శాస్త్రభాషలో మళ్ళీ చెప్పినట్టయింది. దక్షిణాదిలో దొరికే ఒక జాతికి మద్రాసు విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుడు కె. నటరాజన్ 1979లో హైమ్ పేరనే టెర్మిటోమైసిస్ హైమీ అని నామకరణం చేశారు.

ఇంతమంది ఇన్నేళ్ళు కష్టపడి చదివినా మనిషి చెయ్యలేకపోయిన పని ఒకటుంది. పుట్టగొడుగును పుట్ట లేకుండా వ్యాపారస్థాయిలో పండించడం ఇప్పటికీ సాధ్యం కాలేదు. బజారులో డబ్బాల్లో దొరికే బటన్, ఆయిస్టర్, మిల్కీ రకాలు కంపోస్టు మీదా వరిగడ్డి మీదా పెరిగినవి. వాటినీ మనం పుట్టగొడుగులనే అంటున్నాం గాని వాటికి పుట్ట ముఖం తెలియదు. అసలైన పుట్టగొడుగు కావాలంటే పుట్ట ఉండాలి, పుట్టలో చెదలు ఉండాలి, వాటి పొలం సాగుతూ ఉండాలి.

చెదపురుగును నేను నెత్తికెత్తుకోవడం లేదు. పుస్తకాల బీరువా ఉన్న ఏ ఇంటివాడూ ఆ పని చెయ్యడు. చెరకు, వేరుశనగ వేసే రైతుకు దాని వల్ల కలిగే నష్టమూ నిజమే. అయినా నేలను యంత్రాలతో చదును చేసి ఇళ్ళస్థలాలుగా కోస్తున్నప్పుడు, గట్ల మీది పుట్టలకు కూడా మందు పోస్తున్నప్పుడు, దానితో ఏమి పోతుందో తెలిసి చెయ్యడం మంచిది. నాగుల చవితి నాడు పాలు పోసే పుట్టను మిగతా యేడంతా అడ్డం అనుకొంటున్నాం. మిగిలిన పుట్టల మీద లేచిన గొడుగులను విచ్చకముందే మొగ్గలుగా కోసి అమ్మేస్తే, ఆ యేడు ఎగిరిన ఉసుళ్ళ పిల్లలకు విత్తనం దొరకదు. చీమల రాణిలాగా అవి విత్తనాన్ని నోట పెట్టుకొని పోయే జాతి కావు. పాత పుట్ట రాల్చినదే కొత్త పుట్టకు దిక్కు. అందుకని పుట్ట దగ్గర కోసుకొనేవాళ్ళు నాలుగు గొడుగుల్ని పూర్తిగా విచ్చేదాకా వదిలిపెట్టినా ఎంతో మేలు.

భాషలో మాటలు వస్తువులకన్నా ఎక్కువకాలం బతుకుతాయి. పుట్టలు పోయాక కూడా పుట్టగొడుగు అన్న మాట ఉంటుంది. అప్పుడు పిల్లలు దీనికి ఈ పేరెందుకని అడిగితే చూపించడానికి గట్టు మీద ఒక్క పుట్టయినా ఉండాలి కదా.